నందిగామ పోటీలో ఆగిన మా బ్యాండు

మొన్న మా మనవడు అన్నం దగ్గర మూతి ముడుచుకు కూర్చున్నాడు. వాడు ప్రాణం పెట్టే ఏదో హెవీ మెటల్ బృందానికి ఖాయంగా రావలసిన సంగీత బహుమతిని, వేణువు ఊదుకునే మెత్తనివాళ్ళెవరో ఎగరేసుకుపోయారట. ఎప్పుడో వాడు పుట్టకముందు జరిగినదాన్ని ఫోనులో ఇప్పుడు చూసి బాధపడుతున్నాడు! ఓరి నీ అసాధ్యం కూలా అని నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. మాకూ అలాంటిదే జరిగింది మరి.

ఎనభైల మొదట్లో జగ్గయ్యపేటలో మా బావకు, అంటే మా అక్కయ్య భర్తకు, పెళ్ళిళ్ళ బ్యాండు ఉండేది. అందులో నేను క్లారినెట్ వాయించేవాణ్ణి. ముహూర్తాలకు ముందు ఇత్తడి బాజాలన్నీ అరుగు మీద పరిచి చింతపండుతో తోముతుంటే, పులుసులోకైనా కాస్త మిగల్చండర్రా అని అక్కయ్య సణిగేది. ఆ పుల్లటి వాసన తలుచుకుంటే ఈనాటికీ ప్రాణం లేచివస్తుంది. చిల్లకల్లు నుంచి పరిటాల దాకా ఊరేగింపంటే మేమే అన్నట్టుండేది, మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. అలాంటిది బెజవాడ నుంచి కరెంటు వాయిద్యాలతో ఒక పార్టీ దిగి, మా పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే లాక్కుపోసాగింది. సరిగ్గా అప్పుడే నందిగామలో బ్యాండుమేళాల పోటీ పెట్టారు. కప్పు గెలిస్తే జనం మళ్ళీ మన గుమ్మం తొక్కుతారనీ, లేదంటే మేళం కట్టిపెట్టుకోవలసిందేననీ బావ అందరికీ ముందే చెప్పాడు.

రోడ్డు పక్కన పందిరి. మా వంతు చివర్న వచ్చింది. ఆ రోజు బావ ట్రంపెట్ ఎత్తాడు చూడండి, అబ్బో, జనం ఈలలతో పందిరి ఎగిరిపోతుందనుకున్నాం; బెజవాడవాళ్ళ ముఖాలు మాడిపోయాయి. ఇంకొక్క చరణం ఉందనగా బజారు వైపునుంచి పాడె వచ్చింది. డప్పుల్లేవు, నలుగురు మోస్తున్నారు, వెనక ఒక ముసలామె ఏడుస్తూ నడుస్తోంది. శవం ఎదురైతే, అది దాటిపోయేదాకా బాజా నోటికి ఆనించకపోవడం మా మేళాల్లో ఆనవాయితీ. బావ చెయ్యెత్తాడు, పెద్ద డ్రమ్ముతో సహా అందరం ఆగిపోయాం. పాట మధ్యలో ఆపకూడదన్నది పోటీ షరతు. జనం ఎంత గోలపెట్టినా పెద్దమనుషులు కప్పు బెజవాడవాళ్ళకే ఇచ్చారు.

తిరుగు బస్సులో నేను ఉడికిపోతూ, షరతు తెలిసీ ఎందుకాపావని బావను నిలదీశాను.

"ఏరా బావమరిదీ, ఆ ముసల్ది ఏడుస్తా పోతుంటే మనం సరదా పాటలు ఊదుతామా ఏంది? పోతే పోయిందిలే కప్పు" అని కిటికీ వైపు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. మరుసటి ఏడు ఎండాకాలానికి మా మేళం చెదిరిపోయింది. వాయించినవాళ్ళంతా తలొక పనికి పోయారు, నా క్లారినెట్ అటక ఎక్కింది.

నిరుడు బావ పోయాడు. పాడె మోసుకెళుతుంటే పెళ్ళి డీజే బండి ఎదురైంది. ఆపుతారేమోనని, ఈ వయసులో, పిచ్చివాడిలా ఆ బండి వైపే చూశాను. ఆపలేదు. ఆ మోతకు నా భుజం మీది పాడె కర్ర కూడా అదిరింది. బండి మీది పిల్లల్ని తిట్టబుద్ధి కాలేదు, వాళ్ళకెవరు చెప్పారు గనుక? కానీ ఆనాడు ముక్కూమొహం తెలియని మనిషి కోసం మా బావ తన పాట ఆపుకున్నాడే, ఆ కాస్త నిశ్శబ్దం ఆయనకూ ఎవరైనా ఇచ్చి ఉంటే బాగుండేదని మనసు ఇంకా కొట్టుకుంటూనే ఉంది.