జడ విప్పే అడుగులు

మా కోలాటం తాత సోమవారం ఉదయం పదిన్నరకు చనిపోయాడు. జడ కోలాటంలో అల్లిన తాళ్ళను తిరిగి విప్పించగలిగిన మనిషి, నాకు తెలిసినంతవరకు, సుల్తానాబాద్ చుట్టుపక్కల ఆయన ఒక్కడే. ఆ అడుగులు ఎవరికీ పూర్తిగా అప్పగించకుండానే పోయాడు. ఇందులో ఆయన తప్పు కొంత ఉంది. నా తప్పు అంతకంటే ఎక్కువ ఉంది.

చూడనివారి కోసం చెబుతాను. జడ కోలాటంలో పైన దూలానికి పన్నెండు తాళ్ళు కడతారు. పన్నెండు మంది ఎడమ చేత తలా ఒక తాడు, కుడి చేత ఒక కోల పట్టుకుంటారు. ఆరుగురు ఒక వైపు, ఆరుగురు దానికి ఎదురుగా తిరుగుతూ, ఒకరిని లోపలి నుంచి, మరొకరిని బయటి నుంచి దాటుతారు. దాటినప్పుడల్లా కోలలు తాకిస్తారు. పాట ముగిసేసరికి పైన జడ తయారవుతుంది. తర్వాత అన్ని అడుగులూ వెనక్కి వేసి దాన్ని విప్పాలి. అడుగుల వరసను కోపు అంటారు. జడ విప్పకుండా ఎవరూ ఇంటికి పోకూడదని మా దగ్గర కట్టుబాటు. ముడిపడిందని తాడుకు కత్తెర పెట్టరు.

తాత నేతపనివాడు. మగ్గం గుంతలో కూర్చుంటే కాళ్ళు తెలియకుండానే కోపులు వేసేవి. వెనకాల కూర్చుని కండెలకు నూలు చుట్టే ఆయన భార్య, మేమంతా అవ్వ అని పిలిచే మనిషి, కేకలేసేది.

"ఓ ముసలోడా! బట్ట నేస్తున్నవా, ఎగురుతున్నవా? పోగు తెగింది సూడు!"

"తెగితె అతుకుత తియ్. నువ్వు నా లెక్క తప్పిచ్చకు."

నిజాం రాజ్యం పోయిన మరుసటేడు మా వాడవాళ్ళను కూడగట్టి నేర్పడం మొదలుపెట్టాడు. నెల రోజులు కోలలు చేతికివ్వలేదు. అడుగు, చప్పట్లు, మళ్ళీ అడుగు. ఎవరైనా విసుక్కుంటే, "కోల ఎవడన్న కొడుతడు. కొట్టకుంట ఆగుడే నేర్వాలె" అనేవాడు. నన్ను మాత్రం వారానికే వరసలోంచి తీసేశాడు. "నీ కాలొక దిక్కు, నీ సోయొక దిక్కు. పక్కకు కూసోని రాసుకో" అన్నాడు. అలా రాసుకోవడం నా వంతయింది.

కొన్నేళ్ళకు పంచాయతీ సమితి కార్యాలయం ప్రారంభానికి కోలాటం కావాలన్నారు. ఏడు నిమిషాలు ఇచ్చారు. ఏడో నిమిషానికి జడ పూర్తయింది. అందరూ చప్పట్లు కొట్టారు. అధికారి లేచాడు.

"సారూ, జర కూసోండ్రి. జడ అల్లుడే అయింది, విప్పుడు కాలే" అన్నాడు తాత.

"చాలా బాగుంది పెద్దాయనా" అని అధికారి జీపెక్కాడు. వెనకే జనం కదిలారు. ఖాళీ కుర్చీల ముందు తాత మధ్యలో నిలబడి, "లోపలికి... బయటికి... ఎడమ కాలు..." అని ఒక్కో అడుగు చెబుతుంటే పన్నెండు మంది జడ విప్పారు. అప్పటికి విలేకరినైన నేను పత్రికకు రాసిన వార్తలో "కోలాటం ఆకట్టుకుంది" అని రెండే మాటలున్నాయి.

"విప్పుడు రాసినవా?" అని అడిగాడు తాత.

"జాగ లేకుండె తాతా."

"మంచిగున్నది. అంటె నువ్వు గూడ జీపెక్కినవ్."

ఆయన మీద నాకు కోపం రావడానికీ కారణం ఉంది. విప్పే కోపులు ఎప్పుడూ నోటితో చెప్పడమే తప్ప, ఎవరి చేతా బట్టీ పట్టించలేదు. నేర్పమంటే, "ముందుగాల జడ అల్లుడు సక్కగ రానీ" అనేవాడు. ఏళ్ళు గడిచాయి. నలుగురు బొగ్గుబావుల్లో చేరారు, ఇద్దరు కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు వెళ్ళారు. ఒకరి షిఫ్టుకు ఒకరి షిఫ్టు కలవదు. పన్నెండు మంది ఒకచోట చేరడమే గగనమైంది. మిగిలింది, మూడు ఎండాకాలాలు ఆయన చెబుతుంటే నేను రాసిన పుస్తకం.

పోయిన నెల తాత మంచం పట్టాక, ఊళ్ళో ఉన్నవాళ్ళకు కొత్తవాళ్ళను కలిపి ఆయన వాకిట్లోనే జడ అల్లారు. విప్పడానికి నేను పుస్తకం చదివాను. నాలుగో చుట్టులో తాళ్ళు బిగుసుకుపోయాయి. తాత మంచంలోంచి కేకేశాడు.

"ఆగుండ్రి! గదెవలు రాసిండ్రు?"

"నేనే తాతా. నువ్వు చెప్పిందే."

"ఎక్కడ కూసోని రాసినవ్?"

పేజీలు తిరగేశాను. కొన్ని రోజులు ఆయన ఎదురుగా, కొన్ని రోజులు వెనకాల కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న రోజుల్లో ఆయన కుడి నా పుస్తకంలో ఎడమ అయింది. ఏ రోజు ఎక్కడ కూర్చున్నానో ఒక్క పేజీలోనూ లేదు.

"పేపరోనివైతివి. ఎవలు, ఎప్పుడు, ఎక్కడ అని ఊరందరి నడుగుతవ్. నీ జాగ నువ్వు రాసుకోలే" అన్నాడు. కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత ఓపిక ఉన్నరోజు మంచం పట్టెకు దారాలు కట్టించుకుని, వేళ్ళతో దాటించి చూపుతూ దిద్దించాడు. విప్పే కోపులు తొమ్మిది. రెండు దిద్దాం. ఆదివారం సాయంత్రం, "రేపు మూడోది" అన్నాడు.

ఆ రోజు కట్టుబాటు తప్పి విప్పకుండా వదిలేసిన జడ, ముడిపడినట్టే ఇప్పటికీ ఆ వాకిట్లో వేలాడుతూనే ఉంది. మంగళవారం పలకరించడానికి వచ్చినవాళ్ళలో ఒకాయన, వాకిట్లో దినాలు చెయ్యాలి కదా, కోసేద్దామన్నాడు. అవ్వ తలెత్తింది.

"కత్తెర పెడితె నా చెయ్యి కొయ్యుండ్రి ముందుగాల."

"మరి విప్పేదెవలవ్వా?"

"నేను నడుమల నిలవడి చెప్త. ఇన్నేండ్లు ఆయన ఎనుకనే కూసున్న. ఒక్కనాడు ముంగటికి రాలే. ఆయన కుడే నాకు కుడి."

"దినాలల్ల ఆడామె కోలాటంల నిలుసుడేందవ్వా? నలుగురు ఏమంటరు?"

"ఆయన పని సగంల ఏలాడుతుంటె, దినాలెట్ల ఎల్లిపోతయిరా?"

ఆమెకు తొమ్మిది కోపులూ వస్తాయో లేదో నాకు తెలియదు. ఆమెను ఎన్నడూ అడగలేదు. ఇన్నేళ్ళు ఆ ఇంటికి వెళ్ళి, ఆమె చేతి చాయ తాగి, అడగాల్సిన మనిషిని వదిలేశాను.

వచ్చే గురువారం పదకొండో రోజు. గనుల్లో ఉన్న నలుగురికీ సెలవు దొరికింది. కాగజ్‌నగర్ వాళ్ళు బుధవారం సాయంత్రం రైలుకు దిగుతారు. గురువారం పొద్దున తొమ్మిదింటికి, భోజనాలకు ముందు, పన్నెండు మంది తాళ్ళు పడతారు. అవ్వ మధ్యలో నిలబడుతుంది, మొదటి అడుగు ఆమె చెబుతుంది.