సగం కాలిన సిగరెట్టు

అప్పట్లో నేను అసిస్టెంట్ డైరెక్టర్‌ని. కంటిన్యుటీ రాసేవాణ్ణి. ఏ షాట్‌లో ఎవరి చేతిలో ఏముందో, చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకున్నారో అన్నీ నా పుస్తకంలో ఉండాలి. అందులో తప్పు దొరకదని నాకు మహా గర్వం.

ఫిల్మ్ నగర్‌లో నేను కిరాయికి ఉన్న ఇంటి పై వాటాలో ఒక కారెక్టర్ ఆర్టిస్టు ఉండేవారు. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. నలభై ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తున్న మనిషి. ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇక ఒక్కటి కూడా ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. హైటెక్ సిటీలో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన ఆయన కూతురు దగ్గరుండి మాత్రలు, నికోటిన్ చూయింగ్ గమ్ తెచ్చిపెట్టింది. మెల్లగా నమిలి బుగ్గన పెట్టుకోమంటే, ఆయన కిళ్లీలా గబగబా నమిలేసి ఎక్కిళ్లు తెచ్చుకునేవారు. అయినా నిలబడ్డారు. పొద్దున్నే మెట్ల మీద నన్ను ఆపి, "ఇవాళ్టికి ఎన్నో రోజో చెప్పుకో చూద్దాం" అనేవారు. యాభై దాకా వచ్చింది.

అప్పుడు, ఆయన మానేయక ముందు సగంలో ఆగిపోయిన సీను మళ్లీ షూటింగ్‌కి వచ్చింది. అందులో ఆయన సిగరెట్టు కాలుస్తూ మాట్లాడతారు. మేకప్ అయ్యాక వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒరే అబ్బాయ్, పోయినసారి సిగరెట్టు యాష్‌ట్రేలో పడేశానని చెప్పరా. నీ పుస్తకమే కదా వాళ్లకి వేదం."

"రాసింది ఒకటుంటే ఇంకోటి ఎట్ల చెప్పాలె బాబాయ్? ఎడిటింగ్‌ల దొరికిపోతం. ఒక్క సీనే గదా, ఏం గాదు" అన్నాను.

డైరెక్టర్ అడిగితే, "కుడిచేతిల సగం కాలిన సిగరెట్ సార్" అని పుస్తకం చూసి మరీ చెప్పాను. ప్రతి టేక్‌కూ కొత్తది వెలిగించి, సగం దాకా కాల్చి మొదలుపెట్టాలి. ఏడు టేకులయ్యాయి. మూడో టేక్ దాకా ఆయన నావైపు చూశారు. తర్వాత చూడలేదు.

మర్నాడు మెట్ల మీద నన్ను ఏమీ అడగలేదు. పై వాటా నుంచి మళ్లీ సిగరెట్టు వాసన వచ్చింది. ఆ తర్వాతి వానాకాలం ఆయన చూడలేదు.

నలభై ఏళ్ల పొగ ముందు ఏడు సిగరెట్లు ఎంతని నాకు నేను చెప్పుకుంటూనే ఉంటాను. నమ్మబుద్ధి కాదు.

ఆ సినిమా టీవీలో వచ్చినప్పుడల్లా ఆయన కూతురు ఫోన్ చేస్తుంది. "అన్నా, నాన్న సీను వస్తోంది, పెట్టు" అంటుంది. ఆమె వాళ్ల నాన్న ముఖం చూసుకుంటుంది. నేను చెయ్యి చూస్తాను. ఏ షాట్‌లో చూసినా సిగరెట్టు సరిగ్గా సగమే ఉంటుంది. ఎక్కడా తప్పు లేదు.