జాగ్రత్త చేసిన ప్లాస్టిక్ రేకు

ఎనభైల నాటి మాట. ఉదయం ఆరింటికి సీతమ్మధారలో బయలుదేరి, సిటీ బస్సు మారి, ఏడుంపావుకి సబ్బవరం బస్సు ఎక్కాను. అక్కడ నరసమ్మ అనే రైతు పెరట్లో, పేడా చెత్తా కుళ్ళబెట్టే గత్తం గోతిలో నాలుగు నెలల కిందట రెండు చిన్న వల సంచులు పాతి వచ్చాను. ఒక్కోదాంట్లో మా లాబ్‌లో బాక్టీరియాతో తయారు చేయించిన ప్లాస్టిక్ రేకు ఉంది. గత్తంలోని సూక్ష్మజీవులు దాన్ని తినేయాలి. తినకపోతే నా నాలుగేళ్ల పరిశోధన గంగలో కలిసినట్టే.

నా సంచిలోంచి తొంగిచూస్తున్న బొరిగెను పక్క సీటాయన గమనించాడు. స్టీల్ ప్లాంటు కట్టుబడిలో పనట, సెలవు మీద ఊరికి పోతున్నాడు.

"ఏటి బావా, నిధేటైనా తవ్వుతావేటి?"

"గత్తం తవ్వాలి."

"గత్తానికి పేంటేసుకుని ఎల్తన్నావా!" అని పెందుర్తి దాటేదాకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

సబ్బవరంలో దిగి ఇడ్లీ తిని, గట్ల మీద అరగంట నడిచాను. నరసమ్మ నన్ను చూసి తల దించుకుంది. లోపలికెళ్ళి అటక మీంచి ఒక వల సంచి తెచ్చి చేతిలో పెట్టింది. లోపల రేకు కొత్తదానిలా మెరుస్తోంది.

"జాగర్తమ్మా అని మీరే సెప్పినారు గదా బాబూ. తొలకరి వానకి పాడైపోతాదని తీసి దాసీసినాను. రెండోది ఎంత ఎతికినా దొరకనేదు."

గోతిని కదపకుండా జాగ్రత్త అన్నాననుకున్నాను. ఆ ముక్క విడమర్చి చెప్పలేదు, ఘనుణ్ణి.

బొరిగె తీసుకుని తవ్వాను. మోచేతి లోతున, వెచ్చటి గత్తంలో రెండో సంచి తగిలింది. కుట్టు ఊడలేదు. లోపల గోరంత తునకలు రెండు, వాటి నిండా చిల్లులు.

"పోయిందా బాబూ?" నరసమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నాను తీనేదు, ఒట్టు."

"పోవాలనేనమ్మా పాతింది!"

అరుగు మీద కూలబడి నవ్వేశాను. రేకు దానంతటదే పొడైపోలేదని రుజువేమిటని మా ప్రొఫెసర్ ఎప్పుడూ గుచ్చి అడిగేవారు. గత్తానికి దూరంగా అటక మీద చెక్కుచెదరకుండా ఉన్న రేకు సగం జవాబు. గోతిలోది సూక్ష్మజీవులు తిన్నాయా, ఉత్త తడికీ వేడికీ పోయిందా అన్న మిగతా సగం లాబ్‌లో తేల్చుకోవచ్చు.

రెండున్నర బస్సుకి నరసమ్మ రోడ్డు దాకా వచ్చింది. సంచి కంపుకి కండక్టరు నన్ను వెనక సీటుకి తోలాడు. కిటికీ దగ్గర నిలబడి ఆమె అంది:

"ఆ తొలకరి కాడ్నించీ బస్సు సప్పుడైతే గుండె గుబేలుమనీది బాబూ, మీరొచ్చి అడుగుతారని. ఇయ్యాల కడుపునిండా బువ్వ తింతాను."

బస్సు కదిలింది. గట్టెక్కానన్న సంతోషంలో ఉన్న నాకు, నాతో పాటు ఆమె కూడా గట్టెక్కిందని అప్పుడే తెలిసింది.