రాతి చక్రాల పెట్టెబండి

మా నాయన దుర్గిలో రాతిపని చేసేవాడు. నేను ఆయన వెంట ఉలులు మోసేవాణ్ణి. పదమూడేళ్ళు నిండినా నాకు అక్షరం రాదు, ఆయనకూ రాదు. అయినా ఆయన సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. చర్చిలో ఉపదేశి కాగితం మీద రాసిచ్చిన గీతలు చూసి, అవే గీతలు రాతి మీదికి దించేవాడు. ఒకసారి కాగితం తలకిందులుగా పెట్టుకుని సగం పేరు చెక్కేశాడు. ఆ రాయిని ఇంటి వెనక బట్టలుతికే బండగా వేసుకున్నాం.

యుద్ధం అయిపోయిందన్నాక వచ్చిన ఎండాకాలంలో, మాచర్లలో మిషను బడి నడిపే తెల్లదొర పిల్లలకు ఒక పందెం పెట్టాడు. సబ్బులొచ్చే చెక్కపెట్టెకు నాలుగు చక్రాలు బిగించి, అందులో పిల్లవాడు కూర్చుని, గుట్ట మీది నుంచి బడి గేటు దాకా దొర్లుకుంటూ రావాలి. ఎద్దులుండవు, ఎవరూ తొయ్యకూడదు. వాళ్ళ దేశంలో పిల్లలు ఇలాగే ఆడతారట. గెలిచినవాణ్ణి బోర్డింగులో పెట్టుకుని, తిండీ బట్టా ఇచ్చి, ఎనిమిదో తరగతి దాకా చదివిస్తానన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఉపదేశి ఈ సంగతి చెప్పాడు.

ఇంటికొచ్చాక నాయన అడిగాడు. "ఏందిరా, పోతావా?"

"పోతా."

"చక్రాలు కొయ్యతో అంటే వడ్రంగి కాళ్ళు పట్టుకోవాల. రాయైతే మన చేతిలోదే."

పది రోజులు పని మానుకుని నాలుగు రాతి చక్రాలు చెక్కాడు. ఒక్కోటీ జానెడున్నర వెడల్పు, మూడు వేళ్ళ మందం. నడిమధ్య బెజ్జం, అందులోకి తుమ్మకర్ర ఇరుసు. మంచి రాయిని ఉలి పిడితో కొడితే గంటలా మోగుతుంది. లోపల పగులుంటే గుడ్డ చుట్టి కొట్టినట్టు పలుకుతుంది. నాలుగూ మోగాయి. సబ్బుల పెట్టెను కోమటి కొట్లో అడిగి తెచ్చాం.

పందేనికి ముందురోజు బండిని ఎడ్లబండిలో వేసుకుని మాచర్ల పోయాం. బడి ఆవరణలో మిగతా పిల్లలు అప్పటికే వచ్చి ఉన్నారు. గురజాల నుంచి ఇద్దరు, వెల్దుర్తి నుంచి ఇద్దరు, ఆ బడి పెద్దపంతులు కొడుకు ఒకడు. అందరివీ ఇనప పట్టా తొడిగిన కొయ్య చక్రాలు. నా బండి చూసి చుట్టూ మూగారు.

"ఒరేయ్, ఈడు తిరగలెక్కి వచ్చాడ్రా!"

"గోనె పట్టుకోరా, పిండి రాలిద్ది!"

"ఏమయ్యా, కందులు ఇసురుతావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. పట్టాలు లేకపోతే బండెక్కనని నాయనతో చెప్పాను.

"రాయికి పట్టా ఎందుకురా?"

"అందరికీ ఉండయ్."

నాయన నన్ను బజారులో కొలిమి పెట్టుకున్న ఒక సాయిబు దగ్గరికి తీసుకుపోయాడు. పట్టాను ఎర్రగా కాల్చి చక్రానికి తొడిగి నీళ్ళు పోస్తే అది చల్లారి, బిగుసుకుని పట్టుకుంటుంది. బండి చక్రాలకు చేసే పనే. సాయిబు నా చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రాయికి నేనెప్పుడూ ఎక్కియ్యలా అన్నా. నువ్వేమంటావ్?"

"నేననేదేముంది సాయిబూ. గనిలో బండ పగలగొట్టాలంటే మంట పెట్టి, నీళ్ళు కొడతాం. ఇప్పుడు మనం చేసేదీ అదే."

"మరి వద్దంటావా?"

నాయన నావంక చూశాడు. నేను ఏడుస్తున్నాను.

"ఎక్కియ్. నీళ్ళు మాత్రం పొయ్యమాక. దానంతటదే ఆరనీ."

సాయిబు మూడు చక్రాలు అలాగే చేశాడు. నాలుగోదానికి చెయ్యి అలవాటు కొద్దీ కడవ వంచేశాడు. చుయ్యిమంది.

"అయ్యయ్యో, మర్చిపొయ్యా అన్నా!" అన్నాడు.

నాయన కూలి డబ్బులిచ్చి, చక్రాలు ఎత్తుకున్నాడు.

తెల్లవారి బండి బిగించేముందు నాయన చక్రాలను వరసగా కొట్టి చూశాడు. పట్టాలుండటంతో మోత కొంచెం మారింది కానీ, మూడూ మోగాయి. నాలుగోది పలికిన తీరు ఇద్దరం విన్నాం. ఆయన నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. కొత్త చక్రం చెక్కే వ్యవధి లేదు. చెబితే బండిని పక్కన పెడతారు. ఆ చక్రాన్ని వెనక ఎడమవైపు బిగించి, శీల కొట్టి, ఇరుసుకు ఆముదం రాశాడు.

"కాళ్ళు లోపలికి పెట్టుకో" అన్నాడు. అంతే.

గుట్ట మీద ఆరు బళ్ళను వరసలో నిలబెట్టారు. దొర జేబురుమాలు కిందికి దించాడు. తక్కినవన్నీ జారిపోయాయి. నాది కదలలేదు. కదిలాక కూడా ముసలి గేదెలాగా కదిలింది. సగం దూరం వచ్చాక బరువు పనిచేయడం మొదలుపెట్టింది. వెల్దుర్తి బళ్ళను దాటాను, గురజాల బళ్ళను దాటాను. ముందు చక్రాలకు కట్టిన పగ్గం చేతిలో కోసుకుపోతోంది. గేటు ముందు సున్నంతో గీసిన గీత కనబడుతోంది. పెద్దపంతులు కొడుకును కూడా దాటాను. అప్పటికి గీత ఇరవై బారల దూరంలో ఉంటుంది.

వెనక చిన్న చప్పుడయింది. కుండ పగిలినంత కూడా కాదు. బండి ఎడమవైపు కూలబడి, చుట్టూ తిరిగి ఆగింది. చక్రం మూడు ముక్కలైంది. దాని పట్టా మాత్రం ఊడి, ఒక్కటే నిలువునా దొర్లుకుంటూ పోయి, అందరికంటే ముందు గీత దాటి గేటుకు తగిలి పడిపోయింది. జనం విరగబడి నవ్వారు. నాకు ఒళ్ళేమీ నొప్పి అనిపించలేదు. మోచెయ్యి చెక్కుకుపోయిందని ఇంటికొచ్చాక అమ్మ చెబితే చూసుకున్నాను.

పెద్దపంతులు కొడుకు గెలిచాడు. వాడు ఆ బళ్ళోనే చదువుతున్నాడు, ఇల్లు ఆవరణలోనే. బోర్డింగు వాడికి అక్కర్లేదు. దొర వాడికి ఒక లాంతరు ఇచ్చి భుజం తట్టాడు. బోర్డింగు చోటు ఎవరికన్న మాట ఎవరూ ఎత్తలేదు.

జనం పలచబడ్డాక మేం మా బండి దగ్గరే నిలబడి ఉన్నాం. నాయన విరిగిన ముక్క తీసి, పగిలిన మొహాన్ని బొటనవేలితో తడిమి కింద పెట్టాడు. అప్పుడు దొర నడుచుకుంటూ మా దగ్గరికే వచ్చాడు. వంగి మిగిలిన చక్రాలను చేత్తో ముట్టుకున్నాడు. "నీవు చేసితివా?" అన్నాడు. నాయన తలూపాడు. దొర నన్ను చూశాడు, మళ్ళీ నాయన్ని చూశాడు.

"మీకు ఏమి కావలెను? చెప్పుము."

నాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. దొర కదలకుండా నిలబడ్డాడు. తొందరేమీ పడలేదు.

"చక్రాలు కట్టుకోను తాడు ముక్కేదన్నా ఉంటే ఇప్పియ్యండి దొరా" అన్నాడు నాయన.

నేను పక్కనే ఉన్నాను. నాకూ నోరుంది. నేనూ అడగలేదు.

దొర ఒక మనిషిని పంపి బావి తాడు, కొత్తది, తెప్పించి ఇచ్చాడు. మేం దండం పెట్టాం. ఆయన వెళ్ళిపోయాడు.

దారిలో కారంపొడి వేసిన జొన్నన్నం ముద్దలు తిన్నాం. దుర్గి చేరేదాకా నాయన ఎద్దులతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు నా చేతికి సుత్తి ఇచ్చాడు. అంతకుముందు ఉలులు మోయడమే, సుత్తి ఇచ్చింది అప్పుడే.

మిగిలిన చక్రాల పట్టాలు నాయన ఊడగొట్టేశాడు. రెండింటిని ఒకదాని మీద ఒకటి వేసి, పైదానికి పిడి పెట్టి అమ్మకు తిరగలి చేసిచ్చాడు. మూడోది కడవ కింద పెట్టుకున్నాం. ఆ పిల్లలు అన్నట్టుగానే కందులు విసిరేది అమ్మ. పొద్దున్నే ఆ చప్పుడుకు మెలకువ వచ్చేది.

అక్షరాలు నాకు యాభై దాటాక, మనవరాలి పలక మీద వచ్చాయి. వచ్చాక మా శ్మశానానికి పోయి, నేను చెక్కిన రాళ్ళన్నీ చదువుకుంటూ తిరిగాను. రెండు చోట్ల తప్పులున్నాయి.

నాయన మంచాన పడ్డాక ఒకరోజు అడిగాను, ఆ పూట తాడెందుకు అడిగావని.

"తాడు లేదుగా మరి" అన్నాడు.

ఆ తాడు మంచిది. చాలా ఏళ్ళు వచ్చింది.