పసుపు పట్టిన వైర్లు

మా అమ్మకు గుంటూరు ఆసుపత్రిలో ఆపరేషన్. పది గంటలకు లోపలికి తీసుకెళ్తామన్నారు. "నీ మొహం చూశాకే మత్తు ఇప్పించుకుంటా" అని ముందురోజే నాతో అంది. అలాంటి పొద్దున, వన్ టౌన్‌లో మా గుమ్మం ముందు, మావారు కారు డాష్‌బోర్డు కింద తల దూర్చి పడుకుని ఉన్నారు.

మరిది కువైట్ నుంచి కారు స్టీరియో తెచ్చాడు. దానికి కరెంటు ఏ వైరు నుంచి ఇవ్వాలో చూద్దామని ఈయన తాళంచెవి తిప్పే స్విచ్చి వెనక వైర్లన్నీ ఒక్కసారే ఊడబీకారు. రంగులు చూసి మళ్ళీ పెట్టేయొచ్చనుకున్నారట. రంగులెక్కడివి? మా అత్తగారు దసరా పూజకు స్టీరింగుకూ చక్రాలకూ పసుపు పూసి ఊరుకోరు. అడుగున చెయ్యి పెట్టి ఆ వైర్లకూ తడిపసుపు పట్టిస్తారు. ఏళ్ళ తరబడి అదే వరస. ఎర్రదీ తెల్లదీ ఆకుపచ్చదీ, అన్నీ పేరంటానికి వచ్చిన ముత్తైదువల్లా ఉన్నాయి.

"ఏవండీ, గుంటూరు వెళ్ళేది పాటలు వినటానికా?"

"ఐదే ఐదు నిమిషాలే."

"బస్సుకి పోతానన్నప్పుడూ ఇదే మాట అన్నారు. ఆ బస్సు ఈపాటికి మంగళగిరి దాటుంటుంది."

గుమ్మంలోంచి అత్తగారు అందుకున్నారు. "పసుపు మీద పడి ఏడవకమ్మా. ఇన్నాళ్ళూ కారు క్షేమంగా తిరిగిందంటే దాని చలవే."

"తిరిగింది అత్తయ్యా. ఇవాళ తిరగట్లేదు."

కిరసనాయిలు గుడ్డతో రుద్దాను. గుడ్డ పచ్చబడింది గానీ వైరు రంగు తేలలేదు. ఏడుపొచ్చింది. నేను ఏడిస్తే ఆయన ఇంకా కంగారు పడతారని, దాన్ని తిట్లలోకి మళ్ళించాను.

చివరికి ఆయన కారు వెనక లైటు బల్బు ఊడదీసి, దానికి రెండు తీగలు కట్టారు. ఒక కొస కారు ఇనుముకు ఆనించి, రెండోది ఒక్కో వైరుకూ తగిలించారు. ఒకదానికి బల్బు వెలిగింది. బ్యాటరీ నుంచి వచ్చేది అదే. ఇక మిగిలినవాటిని దానికి ముట్టించి చూడటమే. ఒకటి తగిలిస్తే వైపరు పొడి అద్దం మీద కీచుమంది. ఇంకోటి తగిలిస్తే కారు గుర్రుమని ఒక్క ఊపు ఊగి ఆగింది. మూడోదానికి, రోజూ తాళం తిప్పగానే వెలిగే ఎర్రదీపం ఎదురుగా వెలిగింది.

"దాన్ని వదలకండి!"

దాన్నీ బ్యాటరీ వైరునూ కలిపి మెలిపెట్టి, ఊపు వచ్చిన వైరును మళ్ళీ ముట్టించారు. ఇంజను అందుకుంది. స్టీరియో అరుగు మీదే పడుంది. బ్యారేజీ మీద ఎడ్లబళ్ళు. ఆయన హారన్ మీద చెయ్యి తీయలేదు, నేను నోరు మూయలేదు.

ఆసుపత్రి వరండాలో నాన్న ఒక్కరే ఉన్నారు.

"ఇప్పుడే తీసుకెళ్ళారమ్మా. 'అది రాలేదా' అని అడిగింది. వచ్చింది, కారు పెడుతున్నారని చెప్పా. నమ్మినట్టు లేదు."

ఆపరేషన్ గది తలుపు మూసి ఉంది. నేను మావారి వైపు తిరిగి, గొంతు ఎంత లేస్తే అంత లేపి తిట్టడం మొదలుపెట్టాను. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"ఏంటమ్మా ఇది, ఆసుపత్రా, సంతా?"

ఆపలేదు. మత్తు ఎక్కేలోపు అమ్మకు నా గొంతు వినపడాలి. మావారికి అర్థమైనట్టుంది. ఎన్నడూ లేనిది, ఆయన కూడా అంతే గట్టిగా నాకు ఎదురు చెప్పారు.