కాటారం రోడ్డు బంకు ముందు డబ్బాల వరస

పొద్దున ఆరున్నరకు జనగామలో ప్యాసింజర్ ఎక్కాం. నాయిన ఒళ్లో గుడ్డసంచి, అందులో అమ్మిన ఎకరం పైసలు. ఏళ్ల తరబడి వేరేవాళ్ల బంకులో పెట్రోలు కొట్టిన మనిషి, భూపాలపల్లి అవతల కాటారం రోడ్డులో ఒక చిన్న బంకును లీజుకు తీసుకోబోతున్నాడు. ఆ రోజే అడ్వాన్సు ఇవ్వాలి. కాగితాలు చదివిపెట్టడానికి నన్ను తోడు తెచ్చుకున్నాడు.

బొగ్గు లారీలు డీజిలు భూపాలపల్లిలోనే నింపుకుంటాయి. ఆ బంకుకు రైతుల డబ్బాలే ఆధారం. నిరుడు పత్తికి మందు కొట్టే రోజుల్లో నాయిన చూసొచ్చాడు. వీపున తగిలించుకునే తైవాన్ పంపుల్లోకి పెట్రోలు కోసం రైతులు డబ్బాలు వరసగా పెట్టి నిలబడ్డారట. ఆ వరస చూసే మనసుపడ్డాడు.

ఎదుటి సీట్లో మహబూబాబాద్, అదే మానుకోట, పోయే అవ్వ మా సంగతంతా అడిగి తెలుసుకుంది. "మా మానుకోట కాడ మిర్చికి డ్రోనే కొడ్తుంది కొడుకా. మావోడు పంపును అటకెక్కిచ్చిండు," అంది. అడవి దిక్కు అవెక్కడివని నాయిన నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదు.

వరంగల్‌లో దిగి, హన్మకొండ బస్టాండులో ఇడ్లీ తిని భూపాలపల్లి బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, నాయినకు చార్జీ. పరకాల దాటినప్పటి నుంచి నేను చేలనే చూస్తున్నా. చెల్పూర్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు ఇంకా దూరంగా ఉండగానే ఒక పత్తి చేను మీద డ్రోన్ కనబడింది. చెప్పాలని తిరిగాను. నాయిన సంచి మీద చేతులు బిగించి ముందుకే చూస్తున్నాడు. మళ్లీ కిటికీ వైపే తిరిగాను.

భూపాలపల్లిలో బస్సు మారి, ఒంటిగంటకు బంకు ముందు దిగాం. డబ్బాల్లేవు. జనం పొద్దున్నే వచ్చిపోయారంటూ ఓనరు చాయ్ తెప్పించాడు. అంతలో ఆటోలో ఒకామె వచ్చి డబ్బా దించింది. పక్క తండా ఆమె, మహిళా సంఘం డ్రోన్ నడుపుతుందట. బ్యాటరీలు చార్జింగ్ పెట్టే జనరేటర్లోకి పెట్రోలు కావాలి.

"చూసినవా అన్నా, డ్రోనైనా మా కాడికే రావాలె," అన్నాడు ఓనరు.

నాయిన సంచి ముడి విప్పుతున్నాడు. నేను ఆమె వైపు తిరిగాను.

"అక్కా, రోజు వస్తవా?"

"రోజెందుకొస్త? రాత్రి గాలికి కరెంటు పోయింది. ఉంటే ఇంటికాడనే చార్జింగ్ పెడ్త."

"మరి తైవాన్ పంపులోళ్లు?"

"ఎవలు మోస్తున్నరమ్మా? ఈయేడు మా తండ మొత్తం నేనే కొడ్తున్న."

ఓనరు నా వైపు తిరిగాడు. "గిప్పటిదాంక మూగపిల్ల అనుకున్న," అన్నాడు. నాయిన సంచి మళ్లీ ముడేశాడు. ఇంటికి పోయి ఆలోచించుకుంటానన్నాడు. చాయ్ గ్లాసు ముట్టకుండానే లేచాం.

ఆ దిక్కు బంకు చూడబోయేవాళ్లకు ఒక్కటే చెబుతాను. మందు కొట్టే రోజుల్లో పోండి, ముందు చేలల్లోకి పోండి. ఊళ్లు దాటుకుంటూ వస్తున్న డ్రోన్ ఆ అడవి దిక్కు రాకుండా ఆగుతుందని నాయిన అనుకున్నాడు, అంతే.

తిరుగు బస్సులో నాయిన జనగామలో తాను పనిచేసిన బంకు సేటుకు ఫోన్ చేశాడు. పని మానేస్తున్నానని వారం కిందటే ఆయనకు చెప్పి ఉన్నాడు. అవతలి మాటలు నాకు వినబడలేదు.

"ఏ షిఫ్టయినా సరే సేటు," అన్నాడు నాయిన.

ఎకరం పైసలు దక్కాయి. అయినా పరకాల వచ్చేదాకా ఆయన ముఖంలోకి చూడలేకపోయాను.