సోమ్లీ యంత్రంలో మిగిలిన గొంతులు

నర్సింహులపేట దగ్గరి తండాలో పుట్టిన సోమ్లీకి పుట్టుకతోనే చూపు లేదు. పట్టుబట్టి చదివి, మానుకోటలో ఒక బడిలో టీచరైంది. ఆమె భుజాన ఎప్పుడూ ఒక చిన్న యంత్రం వేలాడేది. దానికి తెర ఉండదు. బ్రెయిలీ మీటలు, వేళ్ల కింద చుక్కలు లేచే పట్టీ ఉంటాయి. మాటలనూ రికార్డు చేస్తుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగిన రోజులవి. కేసముద్రం పోయే రోడ్డు మీద వంటావార్పు సాగుతోంది. సోమ్లీ ఉపన్యాసాలు రికార్డు చేస్తోంది. పక్కనే ఆమె అన్న దేవ్యా పొయ్యి ఎగదోస్తున్నాడు.

ఒక్కసారిగా బూట్ల చప్పుడు.

"ఒక్కణ్ణి కూడా వదలొద్దు, కొట్టండి!" అని ఎవరో పోలీసు అధికారి అరిచాడు.

ఉడుకుతున్న అన్నం గుండిగను తన్నేశారు. కాళ్లు కాలిన ఆడవాళ్లు కేకలు పెట్టారు. ఎముక మీద లాఠీ పడితే పచ్చికట్టె విరిగినట్టే వినిపించింది. దేవ్యా చెల్లెలి మీద బోర్లా పడి ఆమెను కప్పేశాడు. దెబ్బదెబ్బకూ అతని ఒళ్లు అదిరేది. వెచ్చని నెత్తురు ఆమె మెడ మీదికి కారింది. ఒక లాఠీ ఆమె కుడిచేతి వేళ్లను చితక్కొట్టి యంత్రానికి తగిలింది.

దేవ్యా దవాఖానలో స్పృహ లేకుండా ఉండగానే అతని మీద కేసు పడింది. ముందు రాళ్లు రువ్వింది అతనేనట.

యంత్రం ఆన్ చేస్తే కూత పెట్టి ఆగిపోతోంది. మెనూ తెరుచుకోవడం లేదు. అలాంటి యంత్రమే వాడే జనగామ సమ్రీన్‌కు ఫోన్ చేసింది సోమ్లీ.

"ఆన్ చేసేటప్పుడు మూడు మీటలు కలిపి వత్తు. లోపల ఇంకో తొవ్వ ఉన్నది," అంది సమ్రీన్. "మెనూలేం రావు. ఏం చెయ్యాల్నో నువ్వే టైపు చెయ్యాలె. జర హుషార్, తప్పు కొడితే అంతా చెరిగిపోతది."

వాచిన వేళ్లతో వత్తింది. ప్రతి అక్షరానికీ నొప్పి మోచేతిదాకా పాకింది. పట్టీ మీద ఫైళ్ల పేర్లు లేచాయి. ఆ రోజుది ఉంది. మెమొరీ కార్డులోకి కాపీ చెయ్యమని టైపు చేసి, పట్టీ మీద వేళ్లు ఆనించింది. కాసేపటికి చుక్కలు మళ్లీ లేచాయి: ఒక ఫైలు కాపీ అయింది.

లాయరు శిరీష దాన్ని కోర్టులో వినిపించింది. ముందు అధికారి ఆజ్ఞ, తర్వాత లాఠీలు. రాయి పడ్డ చప్పుడు ఎక్కడా లేదు. కేసు కొట్టేశారు. కొట్టినవాళ్లకు మాత్రం ఏమీ కాలేదు. దేవ్యా ఎడమ భుజం మళ్లీ పైకి లేవలేదు.

ఇంటికొచ్చాక అతను కూడా వింటానన్నాడు. సగంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు.

"బంద్ చెయ్ చెల్లె. మళ్ల కొట్టినట్టే ఉన్నది."

"గంతమంది మొత్తుకున్నరు. నీ గొంతు ఒక్కపారి గూడ ఇనరాలే, అన్నా."

"నేను మొత్తుకుంటే నువ్వు భయపడుదువు," అన్నాడు దేవ్యా.